చదవని వంతు

వేలు జారిందండీ. అంతే, రెండు మాటలు. తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కి కిటికీ పక్కన చోటు దొరికించుకున్న దగ్గర్నుంచీ ఏసుకుమార్ ఆ రెండు మాటల్నే పళ్ళ వెనకాల తిప్పుకుంటున్నాడు. వేలు జారిందండీ బాబాయి గారూ. అలాక్కాదు, ముందు బాబాయి గారూ అనాలి, కాసేపాగి తల వంచుకోవాలి, అప్పుడు వేలు జారిందండీ అనాలి. పదిహేడేళ్ళుగా ఇంటర్ పిల్లల చేత ఫిజిక్సు సూత్రాలు బట్టీ వేయిస్తున్న మనిషికి రెండు మాటలు గంటలో నోటికి రావా ఏం? బాదంపూడి, ఉంగుటూరు, చేబ్రోలు, కైకరం, పూళ్ళ, భీమడోలు, దెందులూరు, ఆపైన ఏలూరే. ఆదివారం పూట, అందులోనూ రొట్టే ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారం పూట, చర్చి ఎగ్గొట్టి రైల్లో కూర్చుని అబద్ధం వల్లె వేసుకుంటున్నాడు చూడండి, పెద్దమనిషి! మెర్సీ గంజి పెట్టిన చీర కట్టుకుని, పాటల పుస్తకం సంచీలో పెట్టుకుంటూ, సంస్కారం మానుకుని మరీ వెళ్ళేంత పనేమిటండీ అని అడిగింది. ఏలూరు వెళ్ళి బాషా బాబాయి గారిని చూసొస్తానన్నాడు. ఆయనకి ఒంట్లో బాగాలేదా అంది. ఏమో అని, భార్య మొహం చూడకుండా చెప్పులేసుకున్నాడు. సంస్కారం తప్పించుకోవడం కూడా ఓ పనేనని ఆవిడకెలా చెప్తాడు? ఒకరికి చేసిన అన్యాయం కడుపులో పెట్టుకుని ఆ రొట్టె ముక్క నోట్లో వేసుకోకూడదని చిన్నప్పుడు అత్తిలి చర్చిలో విన్న మాట నలభై ఒకటో ఏట కూడా వదల్లేదు. ఫోన్లో ఆడే ఆటలో ఓ ఊరు కూల్చానయ్యగారూ, దానికీ ఇది వర్తిస్తుందాండీ అని పాదిరిగారిని అడిగితే ఆయన నవ్వుతారు. ఆట కదయ్యా అంటారు. పందొమ్మిది రోజులుగా ఏసుకుమార్ కూడా తనకి తాను అదే చెప్పుకుంటున్నాడు, చెప్పుకున్న ప్రతిసారీ చెవులు వేడెక్కుతున్నాయి.

నిన్న హుమా ఫోను చెయ్యకపోతే ఇంకో పందొమ్మిది రోజులైనా అలాగే చెప్పుకుంటూ ఉండేవాడేమో. హుమా బాషా గారి కూతురు, ఏలూరులోనే, తండ్రి ఇంటికి రెండు వీధుల అవతల కాపురం. అన్నయ్యా, నాన్న ఆ ట్యాబు ముట్టుకోవడం లేదండీ, గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశారు, అడిగితే ఏం లేదమ్మా అంటారు, సాయంత్రం ఆరయ్యేసరికి మాత్రం ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటారు, మీకేమైనా తెలుసా అని అడిగింది. తెలీదమ్మా, రేపొచ్చి కనుక్కుంటానన్నాడు. కనుక్కుంటాడట! దొంగతనం చేసినవాడే ఇల్లంతా వెతికి పెడతానన్నట్టు. బండి బాదంపూడి దాటింది. ఎదురు సీట్లో జాంకాయల బుట్ట పెట్టుకున్న ముసలమ్మ కాస్త కాళ్ళు జరుపుకోండి బాబూ అంది. జరుపుకున్నాడు. జాంకాయలంటే బాషా గారి భార్య, హమీదా పిన్నిగారు గుర్తుకొచ్చింది. ఉప్పూ కారం చల్లి, నాలుగు చెక్కలు చేసి, మేడ మెట్ల మీద పళ్ళెం పెట్టి, మాస్టారూ పళ్ళెం పెట్టానండీ అని కిందనుంచే కేకేసి వెళ్ళిపోయేది. గుర్తు రాకూడదనుకున్నాడు. చేబ్రోలు వరకైనా ఆవిడ జోలికి పోకూడదనుకున్నాడు. ఉంగుటూరు కూడా రాకుండానే వచ్చేసింది.

ఇరవై నాలుగేళ్ళ వయసులో, మొదటి ఉద్యోగానికి ఏలూరు వచ్చి, గదికోసం పదకొండు గుమ్మాలు ఎక్కి దిగాడు. పేరు చెప్పగానే ఇంటివాళ్ళ మొహంలో ఓ లెక్క తిరిగేది, ఇప్పుడే వేరేవాళ్ళకి మాటిచ్చామండీ అనేవారు. పన్నెండో గుమ్మం చాంద్ బాషా గారిది. తివాసీలు నేసే ఇల్లు. ముందుగదినిండా మగ్గం, మగ్గం మీద సగం నేసిన తివాసీ, దాని ముందు బల్ల మీద ఆయన, పక్కన పీట మీద ఆవిడ. పేరు చెప్పాడు. బాషా గారు ముడి వేస్తున్న చెయ్యి ఆపకుండానే, మేడమీద గది, నీళ్ళు కింద పంపులో పట్టుకోవాలి, ఇష్టమైతే ఉండండి మాస్టారూ అన్నారు. అంతే. ఆ గదిలో ఆరేళ్ళున్నాడు. ఆ ఆరేళ్ళూ మధ్యాహ్నాలు కిందనుంచి పిన్నిగారి గొంతు వినిపిస్తూనే ఉండేది. ఎరుపు మూడు, నలుపు ఒకటి, పసుపు రెండు, మళ్ళీ ఎరుపు. గళ్ళ కాగితం మీద రంగులేసిన నమూనా ఒళ్ళో పెట్టుకుని ఒక్కో గడీ ఆవిడ చదివేది, ఆయన ఒక్కో ముడీ వేసేవారు. టైఫాయిడ్‌తో పదిహేను రోజులు మంచం పట్టినప్పుడు ఆ గొంతు వింటూనే నిద్రపోయేవాడు. గొంతు ఆగిందంటే మెట్ల మీద గంజి గిన్నె వస్తోందని అర్థం. కళ్ళు మూసుకున్నాడు ఏసుకుమార్. ఎరుపు మూడు, నలుపు ఒకటి. చదవకుండా వేస్తే ఏమౌతుందండీ అని ఒకసారి మెట్ల దగ్గర నిలబడి అడిగాడు. చదవకుండా వేసిన ముడి తప్పు పోతుంది మాస్టారూ, అది తర్వాతెప్పుడో కంటబడితే జానెడు తివాసీ విప్పాలి అన్నారు బాషా గారు. ముడి వేసేవాడి మీద నమ్మకం ఉంటే చాలదు, పైకి చదివి తీరాలి, అది వాళ్ళింటి పద్ధతి.

రెండేళ్ళ కిందట పిన్నిగారు పోయారు. చదివేవాళ్ళు లేక మగ్గం ఆగిపోయింది. నాలుగు నెలల కిందట హుమా మగ్గం విప్పించేసింది, చూస్తుంటే ఆయన అన్నం తినడం లేదని. అప్పుడే కదూ ఏసుకుమార్ పెద్ద ఉపకారిలా తన పాత ట్యాబు పట్టుకుని వెళ్ళింది! ఇందులో గళ్ళ పటం ఉంటుంది బాబాయి గారూ, మీకు బాగా పడుతుంది అని చెప్పి ఆట నేర్పింది. పిల్లలు ఆడే తుపాకుల ఆట కాదు. తొందరలేని ఆట, వంతులవారీగా ఆడేది. మొదట చెరో గుంపు జనం, చెరో సైనికుడు, చుట్టూ ఏముందో కనబడని చీకటి నేల. ఆ జనంతో ఊరు వేసుకోవాలి, పొలాలు చెయ్యాలి, ఊరు నిండాక ఇంకో గుంపుని బయల్దేరదీసి రెండో ఊరు వెయ్యాలి. ఒకరి వంతు అవగానే రెండోవారి ఫోనుకి కబురొస్తుంది, మీ వంతు అని. ఇవాళ ఆడినా, వారం పోయాక ఆడినా ఆట అలా కాచుకునే ఉంటుంది. బాషా గారు వారంలో పట్టేశారు. పట్టేసి ఏం చేశారంటే, మగ్గం పద్ధతే ఇక్కడికీ తెచ్చారు. గళ్ళ కాగితం తీసి, పటంలో ఉన్నదంతా దాని మీద రంగు పెన్సిళ్ళతో దించుకున్నారు. ఆయన నేల ఎరుపు, ఏసుకుమార్ నేల పసుపు, అడవి ఆకుపచ్చ, నీళ్ళు నీలం. సాయంత్రం ఆరింటికి ఏసుకుమార్ ఫోను చెయ్యాలి, ఆయన తన వంతు మొత్తం పైకి చదవాలి, చదివాకే నొక్కాలి. ఎర్రజనం రెండు గళ్ళు తూర్పు. సైనికుడు ఒకటి ఉత్తరం. వరిచేను ఒకటి కొత్తది. ఎక్కడైనా శత్రువుకి తన ఎత్తులన్నీ ఫోను చేసి చదివి వినిపించే రాజు ఉంటాడా? మొదట్లో ఏసుకుమార్ పడీపడీ నవ్వాడు. అలా చెప్పకూడదండీ, నేను అవతలి పక్షం కదా అన్నాడు. మీరు అవతలేమిటి మాస్టారూ అని ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఇక ఎప్పుడూ వద్దని చెప్పలేదు.

ఉంగుటూరు వచ్చింది. ఇద్దరు దిగారు, నలుగురు ఎక్కారు. ఎక్కినవాళ్ళలో కాలేజీ కుర్రాడొకడు ఏసుకుమార్‌ని తేరిపార చూసి, సార్ మీరు ఛానల్ సారే కదండీ అన్నాడు. కాదు అనేశాడు. అయ్యో, ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట! ఛానల్ సారే మరి. ఆ ఆటలో ఎత్తులు తెలుగులో నేర్పే ఛానల్, తొమ్మిది వేలమంది చూస్తారు, కాలేజీలో తోటి లెక్చరర్లు కూడా ఏమండీ సేనాపతి గారూ అంటారు. సేనాపతి గారి సిద్ధాంతం ఒక్కటే. మొదటి డెబ్భై వంతుల్లో ఆట తేలిపోవాలి. నేల ఖాళీగా ఉండగానే జనాన్ని తోలెయ్యాలి. మీ వెనకాల నేల ఎక్కడికీ పోదు, వాడికీ మీకూ మధ్యలో ఉందే అది ముందు పట్టండి, వాడి గుమ్మంలోకెళ్ళి ఊరు వెయ్యండి, వాడు ఇంకా ధాన్యం కొట్టు కట్టుకుంటూ ఉంటాడు, ఏమీ అనలేడు. వాడు గోడ కట్టకముందే, విలుకాళ్ళని తయారు చేసుకోకముందే కొట్టండి. స్నేహంగా ఉన్నప్పుడే దారి అడగండి, ఇస్తాడు. పట్టిన ఊరు దూరమైతే ఉంచుకోకండి, తిరగబడుతుంది, కూల్చి పారేసి ఆ నేల వాడుకోండి. ఎంత గట్టిగా, ఎంత కులాసాగా చెప్పేవాడు ఈ మాటలన్నీ! పిల్లలు కింద రాసేవారు, సార్ కేక సార్, మనిషి మీద ఆడి చూపించండి సార్, మిషను మీద ఎవడైనా గెలుస్తాడు. మనిషి కావాలి. గోడ కట్టని మనిషి, నమ్మే మనిషి. ఎక్కడ దొరుకుతాడు? వెతకాల్సిన పని లేకపోయింది, సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తే చాలు.

కైకరం దగ్గర కాలవ గట్టు మీద ఒకతను పారతో గడ్డి చెక్కుతున్నాడు. ఆ పార చూస్తే నాన్న గుర్తొచ్చాడు. తోమా అని పిలిస్తే తప్ప పలకని మనిషి, పిలిచినా అవసరమైతే తప్ప పలకని మనిషి. అత్తిలి దగ్గర అరెకరం చేను, పక్కనే ఆసామి ఇరవై ఎకరాలు. ఏటా నాట్ల ముందు ఆసామి పాలేర్లు గట్టు చెక్కేవారు, తమ పక్క కాదు, నాన్న పక్క. ఈ ఏడు బెత్తెడు, మరుసటేడు బెత్తెడు. గట్టు అలాగే ఉండేది, చేను మాత్రం సన్నబడేది. నాన్న ఆ గట్టు మీదే నిలబడి చూసేవాడు. అమ్మ, సారమ్మ, నోరు లేదా నీకు అని కేకలేస్తే, పోన్లే, వాళ్ళు ముందొచ్చారు కదా అనేవాడు. ముందు రావడం. ఆ మాట పదేళ్ళ ఏసుకుమార్ గుండెలో ముల్లులా దిగింది. నేను ఆ పక్కన నిలబడను గాక నిలబడను అనుకున్నాడు. అనుకున్నవాడు అన్నట్టే చేశాడు. నిజం నేల మీద బెత్తెడు ఎవరిదీ తీసుకోలేదు, తీసుకునేంత ధైర్యమూ లేదు, ఫోన్లో మాత్రం ముందెళ్ళేవాడు తనే, పార పట్టేవాడు తనే. ఇన్నాళ్ళూ దాన్ని తెలివనుకున్నాడు. నాన్న బతికుండి, ఛానల్లో పెట్టిన ఆ ఊరు కూల్చిన వీడియో చూస్తే ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదు. గట్టు మీద నిలబడి చూసినట్టే చూసేవాడు, ఈసారి కొడుకు చేతిలో పార.

పూళ్ళ దాటాక చెరువులు మొదలయ్యాయి. పచ్చి వాసన, నీళ్ళు చిమ్మే చక్రాలు, గట్ల మీద కొంగలు. వాళ్ళిద్దరి ఆట పటంలో కూడా నడిమధ్య ఓ పెద్ద కొలను పడింది, బాషా గారు చూడగానే కొల్లేరండీ ఇది అన్నారు. అప్పట్నుంచీ దాని పేరు కొల్లేరే. పిన్నిగారి పుట్టిల్లు మండవల్లి అవతల కొల్లేటి లంక, వానాకాలం తాటి దోనె మీద తప్ప ఇల్లు చేరేవారు కాదట, పెళ్ళైన కొత్తలో ఆయన దోనెలో కూర్చోవడం చేతకాక నీళ్ళలో పడితే ఆవిడ జుట్టు పట్టుకుని లాగిందట. ఆ కథ బాషా గారు ఇరవైసార్లు చెప్పి ఉంటారు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా సిగ్గుపడేవారు. నలభై నాలుగో వంతులో ఆయన ఫోన్లో చదివారు, కొల్లేటి గట్టున ఊరు వేశానండీ, పేరు పెట్టమంటోంది, మీ పిన్నిగారి పేరే పెట్టేశాను, తప్పంటారా? తప్పేముందండీ, చాలా బావుందండీ అన్నాడు ఏసుకుమార్. అంటూ ఏం చేశాడు? అటుపక్క ఎవరూ కాపలా లేరని తన కాగితం మీద ఓ చుక్క పెట్టుకున్నాడు. అవును, పెట్టుకున్నాడు, ఇప్పుడు రైల్లో ఎవరూ చూడ్డం లేదు కదా, ఒప్పుకోడానికేం? తర్వాత నాలుగు వంతులు పోయాక దారి అడిగాడు, అడవిదొంగల్ని కొట్టడానికండీ, మీ నేల మీదుగా మా గుర్రపువాళ్ళని పోనివ్వండి బాబాయి గారూ. దానికేం మాస్టారూ, మంచినీళ్ళు కూడా తాగి వెళ్ళమనండి అన్నారాయన.

భీమడోలులో బండి ఆగిపోయింది. ఎక్స్‌ప్రెస్ ఏదో దాటాలట. ఫ్యాన్లు కూడా ఆగిపోయి, పెట్టెలో మాటలన్నీ పెద్దగా వినబడ్డాయి. అరవై రెండో వంతు. తాడేపల్లిగూడెంలో తన ఇంట్లో గది తలుపేసుకుని, కెమెరా పెట్టుకుని, ఫోను స్పీకర్లో పెట్టాడు. స్పీకర్లో పెట్టాడు! ఆ ముసలాయన గొంతు తొమ్మిది వేలమందికీ వినబడాలని. బాషా గారు ఎప్పటిలాగే అద్దాలు సవరించుకుని చదివారు, ఉత్తరాన దొంగలు ముగ్గురు కనబడ్డారండీ, ఉన్న ఇద్దరు సైనికుల్నీ అటు పంపాను, కొల్లేటి గట్టున మీ పిన్నిగారి ఊళ్ళో ఇప్పుడెవరూ లేరు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఏసుకుమార్ బుర్ర ప్రతిసారీ పక్కదోవ పడుతుంది, ఇప్పుడూ పడింది, జాంకాయల ముసలమ్మ ఎక్కడిదాకా వెళ్తుందో, సరుకు ఏలూరులో అమ్ముతుందో ఏమో. సరే, అన్నారు. నొక్కారు. ఏసుకుమార్ ఫోను కట్టేసి, కెమెరా వైపు తిరిగి కన్నుగీటాడు. దీన్నే అంటారు తమ్ముళ్ళూ సమయం చూసి కొట్టడం. గుర్రాలు రెండు గళ్ళు దిగాయి. ఊరు పడిపోయింది, అడ్డేముంది పడకపోవడానికి? తెరమీద పెట్టె వచ్చింది. ఊరి పేరు పైన. కింద రెండు మీటలు, ఉంచుకో, కూల్చు.

ఇక్కడే వేలు జారింది. జారాలి. రెండు మీటలూ పక్కపక్కనే కదా, చిన్న ఫోను కదా, ఎవరికైనా జారుతుంది, బాషా గారికి వారానికోసారి జారేది, చేతులు వణుకుతాయి పాపం, అప్పుడు ఏసుకుమారే ఫరవాలేదండీ, వెనక్కి తీసుకుందాం అని వంతు మళ్ళీ ఆడనిచ్చేవాడు. జారింది. బండి ఎందుకు కదలదు? ఆ వీడియో కింద ఎవడో రాశాడు, అందరూ అంకుల్ అవుటు, అంకుల్ నమ్మేశాడు అని పగలబడి నవ్వుతూ రాస్తుంటే ఆ ఒక్కడూ రాశాడు, సార్, ఆ మీట మీద నాలుగు సెకన్లు ఎందుకాగారు సార్ అని. అది చదివిన నిమిషంలో వీడియో తీసేశాడు. తీసేసేలోపు రెండు వేలమంది చూశారు. నాలుగు సెకన్లు. జారే వేలు నాలుగు సెకన్లు ఆగదు. ఆగింది ఎందుకంటే హమీదా అన్న అక్షరాలు చూశాడు గనక. చూశాడు, జాంకాయల పళ్ళెం గుర్తొచ్చింది, గంజి గిన్నె గుర్తొచ్చింది, ఎరుపు మూడు నలుపు ఒకటి కూడా గుర్తొచ్చింది, అన్నీ గుర్తొచ్చాయి, ఏదీ గుర్తురాక చేసింది కాదు. ఉంచుకుంటే ఈ పిల్లలు ఏమంటారు, సార్ మీరే కదా దూరపు ఊరు కూల్చమన్నారు అంటారు, నవ్వుతారు. వాళ్ళు నవ్వుతారని. అంతే. ఇంతకు మించి కారణం వెతికినా దొరకలేదు, ఈ పందొమ్మిది రోజుల్లో వెతకని చోటు లేదు. ఎక్స్‌ప్రెస్ దడదడమని దాటింది, ఏసుకుమార్ సిగ్గుతో రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ముసలమ్మ, ఒంట్లో బాగాలేదా బాబూ అని ఓ జాంకాయ తీసి ఇవ్వబోయింది. వద్దమ్మా అన్నాడు.

దెందులూరు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో తెలీలేదు. తిరుగు బండి ఎన్నింటికో చూశాడు. పదకొండూ పదికి ఒకటుంది, అది ఎక్కేస్తే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండొచ్చు, బాషా గారు ఇంట్లో లేరని మెర్సీకి చెప్పొచ్చు, అదింకో అబద్ధం, దొంతిలో ఒకటి ఎక్కువైతే ఏం పోయింది? ఏలూరులో దిగి ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గర ఓ పావుగంట నిలబడ్డాడు కూడా. నిజం చెప్తే ఏమౌతుంది? ఆయన తిట్టరు. తిట్టే మనిషైతే ఎంత బాగుండేది! ఇక తన ఫోను ఎత్తరు, సాయంత్రం ఆరు ఆయనకి ఖాళీ అయిపోతుంది, మగ్గం పోయినట్టే ఇదీ పోతుంది, మళ్ళీ అన్నం మానేస్తారు. కాబట్టి అబద్ధమే ఆయనకి మంచిది. ఎంత బాగా కుదిరిందో చూశారా లెక్క, తన పిరికితనానికి ఆయన ఆరోగ్యం సాకు! చెప్పుతో కొట్టాలి నిన్ను అనుకుంటూనే, వేలు జారిందండీ అనుకుంటూనే, ఆటో ఎక్కకుండా నడిచాడు. ఎంత మెల్లగా నడిచినా ఆ గుమ్మం వచ్చింది.

ముందుగదిలో మగ్గం లేదు. మగ్గం గుంజలు దిగిన గుంతలు మాత్రం గచ్చులో అలాగే ఉన్నాయి, వాటి మధ్యన చిన్న బల్ల, బల్లమీద గళ్ళ కాగితం, రంగు పెన్సిళ్ళ డబ్బా. బాషా గారు లేచి నిలబడ్డారు. చిక్కిపోయారు. రండి మాస్టారూ, రైలు ఆలస్యమైందా, భీమడోలులో ఆపేసుంటాడు అన్నారు. అప్పటికే వచ్చున్న హుమా టీ గ్లాసు అందించి లోపలికెళ్ళింది. బాబాయి గారూ అన్నాడు ఏసుకుమార్. అని, అనుకున్నట్టే కాసేపాగి తల వంచుకున్నాడు. ఆ ఆగిన కాసేపట్లో ఆయనే అందుకున్నారు.

“వేలు జారుంటుంది లెండి. నాకు రోజూ జారేదే కదండీ. మీరు మనసులో ఏం పెట్టుకోకండి.”

గంటసేపు మోసుకొచ్చిన అబద్ధం ఆయనే కడిగి, తుడిచి, చేతిలో పెట్టారు. ఏసుకుమార్ తల ఊపాడు. నిజం, ఊపాడు. ఊపి, టీ గ్లాసు కింద పెట్టేశాడు. బాషా గారు మాత్రం తేలికపడ్డట్టు కుర్చీ దగ్గరికి లాక్కుని, అద్దాలు పెట్టుకుని, గూట్లోంచి ట్యాబు తీసి గుడ్డ విప్పారు. ఆడకపోవడం కోపం చేత కాదండీ అన్నారు. ఆ వంతు మీరు చదవలేదు. ఎప్పుడూ నేనే చదివేవాణ్ణి, మీదేమో మర్నాడు తెరమీద చూసి దించుకునేవాణ్ణి, అది మాత్రం దించుకోడానికి చెయ్యి రాలేదు. ఎవరైనా పక్కన కూర్చుని చదివితే వేద్దామని అలా ఉంచేశాను. హుమాకి తెలీదు కదా ఇదంతా. మీరొచ్చారు, చదవండి, వేసుకుంటాను, ఆ తర్వాత నా వంతు నేను ఆడతాను. పెన్సిలు చెక్కుకుని కాగితం మీదకి వంగారు.

ఏసుకుమార్ చదివాడు. ఇన్నాళ్ళలో తన వంతు తను పైకి చదవడం ఇదే మొదటిసారి. పసుపు గుర్రం, రెండు గళ్ళు దక్షిణం. ఆయన పెన్సిలు రెండు గళ్ళు దిగింది. రెండో గుర్రం, రెండు గళ్ళు. అదీ దిగింది. కొల్లేటి గట్టున ఊరు పట్టుకున్నాను. ఊరి పేరు కూడా చదవాలండీ అన్నారు ఆయన, తలెత్తకుండా, నేర్పేవాడి గొంతుతో.

“హమీదా,” అన్నాడు ఏసుకుమార్. “ఉంచుకో అనీ కూల్చు అనీ రెండు వచ్చాయండీ. పేరు చూశాను. నాలుగు లెక్కపెట్టేంతసేపు చూశాను. చూసే కూల్చాను. వేలు జారలేదు బాబాయి గారూ.”

ఆగితే మళ్ళీ మాట రాదని అన్నీ ఒక్క ఊపులో చెప్పేశాడు, స్పీకరు సంగతి, కెమెరా సంగతి, రెండు వేలమంది ఆయన గొంతు విని నవ్విన సంగతి, దారి అడిగినప్పటి అబద్ధం, నలభై నాలుగో వంతులో పెట్టుకున్న చుక్క. లోపల హుమా గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బాషా గారు కాగితం మీంచి కళ్ళు తీయలేదు. తర్వాత, తప్పు పోయిన ముడి ఎక్కడుందో వెతుక్కునేవాడిలా, మెల్లగా అన్నారు.

“ఆ వేళ ఫోన్లో చదివాను గదండీ. ఊళ్ళో ఎవరూ లేరు, ఫరవాలేదు, అటు పక్క మాస్టారున్నారు అని.”

అదే ఆ మాట. ఏసుకుమార్ అవునండీ అన్నాడు. ఆయన డబ్బాలోంచి ఎర్ర పెన్సిలు తీశారు, పెట్టేశారు. పసుపుది తీశారు, అదీ పెట్టేశారు. కొల్లేటి గట్టున ఆ గడి మీద ఇదివరకు వేసిన ఎరుపుని రబ్బరుతో తుడిచి, పొడి ఊదేసి, కాగితం రెండో చేత్తో సాపు చేశారు. మగ్గం ముందు కూర్చున్నప్పుడు పీట వైపు తిరిగినట్టు ఇటు తిరిగారు.

“ఈ గడికి ఏ రంగండీ మాస్టారూ? చదవండి, వేస్తాను.”

చెయ్యి డబ్బా మీద పెట్టుకుని ఆయన ఎదురుచూస్తున్నారు. ఏసుకుమార్ నోరు తెరిచాడు. కూల్చిన ఊరి గడి ఎరుపూ కాదు, పసుపూ కాదు, చదవడానికి రంగు లేదు.